మారుమనస్సు ఒక్క మారుతో అయిపోతుందా?

(చిత్తూరులో జనవరి నెల ఒక ఆదివారం సాయంత్రం జరిగిన కుటుంబ కూడికలో, లెక్కల అయ్యవారుగా పనిచేసి రిటైరైన సంఘ పెద్ద ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగితే, ఫోనులో రికార్డు చేసింది విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మరేమీ తీయలేదు.)

అందరికీ వందనాలు. వెనక నిలబడిన పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి. పాస్టరు గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఐదేళ్ళు బడిలో పీరియడ్లు చెప్పినవాణ్ణి, గంట కొడితే తప్ప ఆపడం తెలియదు. అందుకని మా ఆమెను రెండో వరసలో కూర్చోబెట్టాను. ఆమె కొంగు సర్దుకుందంటే నాకు గంట కొట్టినట్టు. మీరు కూడా అటు ఒక కన్నేసి ఉంచండి.

మొన్న ముప్పై ఒకటో తేదీ రాత్రి ఆరాధనకు మనమందరం వచ్చాం. పన్నెండు దాటాక ఏం చేశాం? వరసలో నిలబడి వాగ్దాన కార్డు తీసుకున్నాం. నాకొచ్చింది ఇదిగో, జేబులోనే ఉంది. ఆశీర్వదిస్తాను అని ఉంది. సంతోషం. మీకూ ఇట్లాంటివే వచ్చి ఉంటాయి. తలగా ఉంటావు, తోకగా ఉండవు. ఇంటికొచ్చి గోడకు అంటించుకుంటాం. అన్నీ బైబిల్లో ఉన్న మాటలే, నేను కాదనడం లేదు. ఒక్క సంగతి అడుగుతాను. ఇన్నేళ్ళలో మీలో ఎవరికైనా "మారుమనస్సు పొందుడి" అని కార్డు వచ్చిందా? చెయ్యెత్తండి. ఒక్కరైనా? రాలేదు. నాకూ రాలేదు. ఎందుకంటే అది అచ్చు వేస్తే ఎవరూ కొనరు. కానీ అది కూడా ఆయన మాటే కదా? మార్కు సువార్త తీస్తే, 1వ అధ్యాయం 15వ వచనంలోనే, యేసు ప్రభువు ప్రకటించడం మొదలుపెట్టిన మాటల్లోనే అది ఉంది.

మన పరిస్థితులు మార్చమని అడుగుతాం. ఉద్యోగం మార్చు ప్రభువా, ఇల్లు మార్చు ప్రభువా. మనసు మార్చమని కూడా అడుగుతాం, అయితే పక్కవాళ్ళ మనసు. మా కోడలి మనసు మార్చు. మా అత్త మనసు మార్చు. నవ్వుతున్నారు గానీ, శుక్రవారం ప్రార్థన చీటీలు చదివేది నేనే. ఒకే వారం ఒకే ఇంటి నుంచి రెండు చీటీలు వచ్చిన సందర్భం కూడా ఉంది. ఎవరిదో చెప్పను, భయపడకండి.

సరే, ఇతరుల సంగతి ఎందుకు. నా సంగతే చెబుతాను. నా సాక్ష్యం, అంటే నేను ప్రభువును నమ్మి ఎట్లా మారానో చెప్పే కథ, మీలో చాలామందికి కంఠస్థం. 1986 మే నెల, వేసవి సెలవులు, మూడు రోజుల సువార్త కూటాలు, రెండో రోజు రాత్రి. పెట్రోమాక్స్ లైటు వెలుగులో మోకాళ్ళ మీద పడ్డాను. ఆ రాత్రి జరిగింది నిజం. దాన్ని నేను ఈ రోజు కూడా తక్కువ చేయను. మరుసటి రోజే సిగరెట్టు మానేశాను. సినిమా మానేశాను. పండగ పండగకూ, కూటం కూటానికీ ఆ సాక్ష్యం చెబుతూ వచ్చాను. చెప్పి చెప్పి అది ఎంత నున్నగా అయిందంటే, ఎక్కడ గొంతు వణకాలో కూడా నాకు తెలిసిపోయింది.

అట్లా పన్నెండేళ్ళు గడిచాక ఒకసారి బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మా ఇంట్లో భోంచేశాడు. పెద్దాయన. ఆయన మా ఆమెను మర్యాదకే అడిగాడు: "అమ్మా, అయ్యవారు మారిన తర్వాత ఇల్లు ఎట్లా ఉంది?" ఆమె సంగటి ముద్ద వడ్డిస్తా ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది: "మారినారని చర్చిలో చెప్తే విన్నాను సార్."

ఆయన నవ్వాడు. నేను కూడా నవ్వాను, నవ్వక ఏం చేస్తాను. ఆయన వెళ్ళిపోయాక ఆ రాత్రి ఆమె మీద గట్టిగా అరిచాను. మారినవాణ్ణి కదా.

ఆమె అన్న మాట వెనక ఏముందో చెప్పాలి. ఇంట్లో సంగటి కాస్త ఆరిపోయిందనుకోండి, పప్పులో ఉప్పు కాస్త అటూ ఇటూ అయిందనుకోండి, నేను నోరు తెరిచి ఒక్క మాట అనేవాణ్ణి కాదు. కంచం తోసేవాణ్ణి. ఇట్లా, నాలుగు వేళ్ళతో. అంతే. ఆ కంచం బండ మీద జరిగిన చప్పుడుకు మా పిల్లలు పుస్తకాలు మూసేసేవాళ్ళు. సిగరెట్టు మానింది సంఘానికంతా తెలుసు. కంచం తోసేది నాలుగు గోడలకు తెలుసు. మానిన వాటి లిస్టు వేదిక మీద చదివాను, మానని దాన్ని ఇంట్లో పెట్టుకున్నాను. ఈ లెక్క తప్పని లెక్కల అయ్యవారికి పన్నెండేళ్ళు తెలియలేదు!

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగుతాను. మారుమనస్సు. మన బైబిల్లో ఈ మాట ఎంత బాగుందో ఎప్పుడైనా చూశారా? "మారు" అంటే మారడం, అది అందరికీ తెలుసు. మన చిత్తూరు వైపు "మారు"కు ఇంకో అర్థం కూడా ఉంది కదా. ఇంకో మారు చెప్పు అంటాం. నాలుగు మార్లు తిరిగినా పని కాలేదు అంటాం. మారు అంటే సారి. నేను బడిలో ఎక్కం ఒప్పజెప్పించేటప్పుడు ఎన్ని లక్షల మార్లు అన్నానో, "ఇంకో మారు, ఇంకో మారు" అని. వ్యాకరణం సంగతి తెలుగు అయ్యవార్లు చూసుకుంటారు. నాకు మాత్రం ఆ మాటలో రెండూ వినబడతాయి. మనసు మారడం. ఇంకో మారు మారడం. 1986లో ఒక మారు అయింది. అది మొదటి మారు. నేను దాన్ని చివరి మారు అనుకున్నాను.

మార్కు సువార్త 8వ అధ్యాయం తీయండి. బేత్సయిదాలో ఒక గుడ్డివాడు. ప్రభువు వాణ్ణి చెయ్యి పట్టుకుని ఊరి బయటికి తీసుకుపోయాడు. కళ్ళ మీద ఉమ్మి వేసి, చేతులు పెట్టి, నీకేమైనా కనబడుతోందా అని అడిగాడు. ప్రభువు అట్లా అడగడం మీకు ఇంకెక్కడైనా గుర్తుందా? వాడు నిజం చెప్పాడు. మనుషులు కనబడుతున్నారు గానీ చెట్లు నడిచినట్టు కనబడుతున్నారు అన్నాడు. అప్పుడు ప్రభువు ఇంకో మారు చేతులు పెట్టాడు. అప్పుడు తేటగా కనబడింది.

నేనే ఆ మనిషినై ఉంటే ఏం చేసేవాణ్ణి? మొదటి మారుకే స్తోత్రం అని కేకేసి ఊళ్ళోకి పరిగెత్తి సాక్ష్యం చెప్పేవాణ్ణి. నేను గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను. అబద్ధం కాదు కదా, కనబడుతోంది కదా! కానీ జీవితమంతా మనుషుల్ని చెట్లలాగా చూస్తా బతికేవాణ్ణి. అట్లా ఎంతమందిమి బతుకుతున్నామో. చెట్టు అయితే కంచం తోసినా దానికి నొప్పి ఉండదు కదా. వాడి గొప్పతనం ఏమిటంటే, సగమే కనబడుతోంది అని ప్రభువు ముఖం మీదే చెప్పాడు. సిగ్గుపడలేదు. నీ స్వస్థత చాల్లేదు అని చెప్పినట్టు అవుతుందేమోనని భయపడలేదు. మన సాక్ష్యాల్లో ఎవరైనా అట్లా చెబుతారా, నాకు సగమే బాగయింది అని? చెబితే మనం ఊరుకుంటామా?

రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం, 2వ వచనం. "మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి." ఈ మాట ఎవరికి రాశాడు పౌలు? అవిశ్వాసులకా? కాదు. అప్పటికే నమ్మినవాళ్ళకు, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు, రోములో ఉన్న సంఘానికి రాశాడు. అంటే మారినవాళ్ళకే మారండి అని రాశాడు. గ్రీకులో ఆ క్రియ ఒకసారి చేసి వదిలేసేది కాదు, జరుగుతా ఉండేది. ఇంకో సంగతి. మార్చుకోండి అనలేదు, పొందండి అన్నాడు. మత్తయి 17లో కొండ మీద ప్రభువు రూపాంతరం పొందాడే, అక్కడ ఉన్నదీ ఈ మాటే. మన తెలుగులోనూ రెండు చోట్లా అదే మాట పెట్టారు. కాబట్టి ఇది పళ్ళు బిగించి చేసే కొత్త సంవత్సరం తీర్మానం కాదు. చేసేవాడు ఆయన. మరి మనమేం చేయాలి? చేయనివ్వాలి. అదే కష్టం.

చేయనివ్వడం అంటే ఏమిటో చెప్పడానికి మన జిల్లా వాళ్ళకు మామిడి కంటే మంచి పాఠం ఏముంది. మీలో సగం మందికి తోటలున్నాయి. ఇప్పుడు పూత మీద ఉన్నాయి, ఈ నెలంతా మందు కొట్టే టెన్షన్. నాకూ రెండెకరాలు ఉంది, మా నాన్న ఇచ్చింది. దాంట్లో చచ్చిపోయిన చెట్ల చోట మొక్కలు పెట్టడానికి ఒక నర్సరీకి పోయి, ఒక పూటంతా అంటు కట్టేది చూస్తా కూర్చున్నాను. అంటు కట్టే ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. చెయ్యి చూస్తే మిషను లాగా ఆడుతోంది.

మొదట టెంక నాటుతారు. పది పదిహేను రోజుల లేత మొలక వస్తుంది, ఎర్రగా ఉంటుంది. దాన్ని ఆమె బ్లేడుతో తల కోసేసింది. చక్కగా పెరుగుతున్న మొక్క, పాపం. నడిమిన చీల్చింది. ఇంకోపక్క మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల. దానికి వారం పది రోజుల ముందే, చెట్టు మీద ఉండగానే ఆకులన్నీ తుంచేస్తారంట. ఆ పుల్లనూ రెండువైపులా చెక్కింది. చీలికలో దించి ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. రెండింటికీ గాయం. గాయానికి గాయం ఆనితేనే అతుక్కుంటుంది. ఒక్కదానికే కోత పెట్టి ఇంకోదానికి పెట్టకుండా అంటు కట్టడం కుదురుతుందా అమ్మా అని అడిగితే, నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

పౌలు కూడా రోమా 11లో అంటు కట్టడం గురించి రాశాడు. అయితే మన నర్సరీ ఆమె అది వింటే నవ్వుతుంది. మనం నాటు మొక్క మీద మంచి కొమ్మ కడతాం. పౌలు అడవి ఒలీవ కొమ్మను తెచ్చి మంచి ఒలీవ చెట్టుకు కట్టాడు, తలకిందులు! ఆ సంగతి ఆయనకూ తెలుసు, స్వభావవిరుద్ధముగా అని ఆయనే రాశాడు. మనల్ని కట్టిన పద్ధతి అట్లాంటిది. తోటమాలికి లాభం లేని అంటు.

ఇప్పుడు అసలు సంగతి. రెండు మూడు వారాల్లో పుల్ల చిగురు వేస్తుంది. అయిపోయిందా? ఆమె అప్పుడు చెప్పిన మాట నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. "సార్, పైన చిగురు చూసి సంతోషపడొద్దు. కింద చూస్తా ఉండండి." అంటు కట్టిన చోటుకు కింద నుంచి కూడా చిగుళ్ళు వస్తాయి. అవి నాటు మొక్కవి. పాత వేరుకు బలం ఉంది కదా, అది ఊరుకోదు. చూడడానికి అవీ ఆకులే, పచ్చగానే ఉంటాయి, పైదానికంటే ఏపుగా కూడా ఉంటాయి. గిల్లేయకుండా వదిలేస్తే పైనున్న మంచి కొమ్మ ఎండిపోతుంది. మొక్క బతికే ఉంటుంది. నాలుగేళ్ళకు కాయ కాసినప్పుడు తెలుస్తుంది, బెంగళూరా రకం మామిడి అని పెట్టింది నాటు కాయ అయిందని. ఎన్ని మార్లు గిల్లాలమ్మా అంటే, వచ్చినప్పుడల్లా అంది.

వచ్చినప్పుడల్లా. ఆ కంచం చప్పుడు నాకు అక్కడ గుర్తుకొచ్చింది. 1986లో అంటు కట్టారు. నేను పైన చిగురు చూసి ఫొటో తీసుకున్నాను. కింద చూడలేదు.

ఇంకో రెండు మాటలు ఆమె చెప్పినవే. ఒకటి, పట్టీ. అతుక్కునేదాకా పట్టీ కావాలి, అతుక్కున్నాక విప్పాలి. విప్పకపోతే కాండం లావయ్యేటప్పుడు అదే పట్టీ బిగిసి పీక నులుముతుంది. కొత్తగా నమ్మినప్పుడు మనకు పెట్టిన కొన్ని నియమాలు ఉంటాయి, అవి చూడు, ఇవి చూడొద్దు, ఇట్లాంటి బట్టలు వేసుకోవద్దు అని. అవి పట్టీలు. వాటినే చెట్టు అనుకుని ముప్పై ఏళ్ళు కట్టుకుని తిరిగేవాళ్ళు ఉన్నారు. రెండోది, పూత. మొక్కకు రెండో ఏడే పూత వస్తుంది, మూడో ఏడూ వస్తుంది. తెలిసిన రైతు ఏం చేస్తాడు? తుంచేస్తాడు. ముందు చెట్టు కావాలి. మనమేం చేస్తాం? ఒక కుర్రాడు తాగుడు మాని ఆరు నెలలు కాకముందే మైకు చేతికిస్తాం. ఊరూరా తిప్పుతాం. పూత బాగుంది కదా అని. ఆ పిల్లవాడు పడిపోతే వాడిదే తప్పంటాం. పాస్టరు గారూ, మిమ్మల్ని అనడం లేదు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను.

కోత గురించి అన్నాను. కోత మనం ఎంచుకున్న చోట పడదు. రాయవేలూరు ఆసుపత్రికి పోనివాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మనకు పెద్ద జబ్బంటే రాయవేలూరే, అదే వేలూరు సీఎంసీ. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్ అమ్మ కథ సండే స్కూల్లో అందరం విన్నాం. విన్నాం గానీ ఒక సంగతి మరిచిపోతాం, ఆమెకు మిషనరీ కావాలని లేదు. తాత మిషనరీ, తండ్రి మిషనరీ డాక్టరు, ఆ ఇంట్లో అందరూ అదే. ఈ కరువులూ ఈ ఎండలూ చూసి ఆమెకు చాలనిపించింది. అమెరికాలో చదువుకుని అక్కడే ఉండిపోవాలని ఆమె లెక్క. తల్లికి బాగాలేదంటే చూసుకోవడానికని వచ్చింది, తమిళనాట తిండివనానికి. ఒకే రాత్రి మూడిళ్ళ వాళ్ళు వచ్చారు. ఒక బ్రాహ్మణాయన, ఒక ముస్లిం, ఇంకొక హిందువు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టం. మా నాన్న డాక్టరు, ఆయన్ను పిలుస్తాను అంటే మగవాడు చూడకూడదన్నారు. నువ్వు రా అన్నారు. ఆమెకేమో వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు.

ఆ పొద్దున ఆమె తన లెక్క మార్చుకుంది. కానీ చూడండి, ఆ రాత్రితో డాక్టరు కాలేదు. అమెరికాకు తిరిగిపోయి చదివి, 1899లో పట్టా తీసుకుని, 1900లో వేలూరుకు వచ్చింది. ఒక్క మంచంతో మొదలు. ఆడపిల్లలకు వైద్యం నేర్పాలని 1918లో బడి పెట్టారు. ఆడవాళ్ళను ఆడవాళ్ళే చూడాలనే కదా ఆ రాత్రి నేర్పిన పాఠం. అదే కాలేజీలోకి 1947లో మగపిల్లల్నీ చేర్చుకున్నారు. అప్పటికి ఆమెకు డెబ్బై దాటింది. తన జీవితాన్ని మార్చిన రాత్రి నుంచి పుట్టిన బడి, దాని రూపం కూడా మారాల్సి వచ్చింది, ఆమె బతికుండగానే మారింది. మనమైతే ఆ మొదటి రాత్రిని పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇట్లాగే మొదలుపెట్టాను, ఇట్లాగే ఉండాలి అని.

మా ఆమె కొంగు వైపు చూస్తున్నాను, ఇంకా టైముంది.

ప్రభువు శిష్యుడు పేతురు సంగతి చెప్పకుండా వదిలితే ఈ ప్రసంగం మనకు హాయిగా ఉంటుంది. హాయిగా ఉండకూడదు. పేతురుకు ఏదీ ఒక్క మారుతో కాలేదు. ప్రభువును ఎరుగనని ముమ్మారు అన్నాడు. ఒడ్డున ప్రభువు, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడు మార్లు అడిగాడు. అపొస్తలుల కార్యములు 10లో, యొప్పేలో మిద్దె మీద ఆకలితో ఉండగా ఆకాశం నుంచి దుప్పటి లాంటిది దిగింది, దాంట్లో యూదులు తినకూడని జంతువులూ ఉన్నాయి, చంపి తినమని స్వరం వచ్చింది. వద్దు ప్రభువా అన్నాడు. చూడండి, ప్రభువా అంటూనే వద్దు అన్నాడు. అది కూడా ముమ్మారు జరిగింది. ఆ తర్వాత కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఇంట్లో అడుగుపెట్టాడు. అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కూర్చుని తిన్నాడు. యెరూషలేములో అడిగితే సమాధానం కూడా చెప్పాడు. గొప్ప సాక్ష్యం కదా?

గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయానికి రండి. అంతియొకయలో అదే పేతురు. అన్యజనులతో కలిసి తింటున్నాడు. యెరూషలేము సంఘంలో పెద్ద అయిన యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు వచ్చారు. వాళ్ళను చూసి మెల్లగా లేచి వేరే పక్కకు పోయాడు. అతన్ని చూసి పౌలు జతపనివాడు బర్నబా కూడా లేచాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. కింద నుంచి చిగురు. పెంతెకొస్తు రోజు మూడు వేల మందికి బోధించిన మనిషికి, దుప్పటి చూసిన మనిషికి, మళ్ళీ అదే పాత చిగురు, ఎక్కడ? భోజనం పంక్తిలో.

మనకెక్కడ? మీ పిల్లకు సంబంధం వచ్చిందనుకోండి. మొదటి ప్రశ్న, అబ్బాయి రక్షణ పొందాడా? రెండో ప్రశ్న ఏమిటి? చెప్పండి. గట్టిగా చెప్పండి, వినబడలేదు. ఎవరూ చెప్పరు. నేనూ చెప్పను. కానీ అడిగాను. నా పెద్ద కూతురికి చూసేటప్పుడు నేను ఆ రెండో ప్రశ్న అడిగాను, మధ్యవర్తి చెవిలో, మెల్లగా. క్రీస్తులో అందరం ఒక్కటే అని వాక్యం చెప్పి వచ్చిన ఆదివారం మధ్యాహ్నమే అడిగాను. దీన్ని ఎన్ని మార్లు గిల్లాలో మన సంఘానికి.

ఇంకొక్క మనిషి. మార్కు అనే యోహాను. పౌలు, బర్నబాలతో బయలుదేరి పంఫూలియలో వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు. రెండోసారి ప్రయాణానికి బర్నబా వాణ్ణి తీసుకుపోదామన్నాడు. పౌలు వద్దన్నాడు. అపొస్తలుల కార్యములు 15లో ఉంది, తీవ్రమైన గొడవ అయింది, ఇద్దరూ విడిపోయారు. బర్నబాకు మార్కు బంధువు. అందుకే వెనకేసుకొచ్చాడని అక్కడ ఎవరో ఒకరు అనే ఉంటారు, మన సంఘం లాంటిదే కదా. తర్వాత ఏళ్ళు గడిచాయి. చివరి రోజుల్లో, చెరసాల్లో నుంచి తిమోతికి రాస్తూ అదే పౌలు అన్నాడు: మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు పనికొస్తాడు. ఇక్కడ మారింది ఎవరు? మార్కు మారాడు, సరే. పౌలు మారలేదా? పారిపోయినవాడు అనే ముద్రను పౌలు తన చేత్తోనే తుడిచేశాడు, అదీ రాతపూర్వకంగా.

నాకొక తమ్ముడున్నాడు. మీలో కొందరికి తెలుసు, మా సొంత ఊళ్ళోనే ఉంటాడు. ఇరవై ఏళ్ళ కింద పేకాటలో అప్పులై, మా అమ్మ కమ్మలు తీసుకుపోయి కుదువ పెట్టాడు. విడిపించలేదు. అమ్మ బోడి చెవులతోనే పోయింది. అది చిన్న తప్పని నేను అనను. వాడు పేకముక్క ముట్టుకుని పన్నెండేళ్ళయిందని ఊళ్ళో అందరూ అంటారు. నా తోటకు నీళ్ళు వదిలేది కూడా వాడే, నేను అడగకపోయినా. కానీ ఎవరైనా వాడి పేరెత్తితే నేను ఏం చెబుతానో తెలుసా? కమ్మల కథ. నా సాక్ష్యం ఎంత నున్నగా చెబుతానో, వాడి కమ్మల కథా అంతే నున్నగా చెబుతాను. నాకొక తేదీ పెట్టుకున్నాను, వాడికొక తేదీ పెట్టాను. నా తేదీ దగ్గర నేను మంచివాడిగా ఆగిపోయాను. వాడి తేదీ దగ్గర వాణ్ణి దొంగగా ఆపేశాను. వాణ్ణి మారనివ్వలేదు, ఎందుకంటే వాడు మారితే నా కథ పాడైపోతుంది.

ఈ వారం మీకొక ఇంటి పని ఇస్తున్నాను. అయ్యవారిని కదా, ఇవ్వకపోతే నిద్ర పట్టదు. ఇంటికి పోయి ఇంట్లోవాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: నాలో ఏం మారింది, ఏం మారలేదు? పాస్టరు గారిని అడగొద్దు, ఆయన మర్యాదస్తుడు. భార్యను అడగండి, భర్తను అడగండి, కోడల్ని అడగండి. పన్నెండేళ్ళ పిల్లలుంటే వాళ్ళను తప్పకుండా అడగండి. అడిగాక నోరు మూసుకుని వినాలి. రెండో భాగమే పరీక్షకు వస్తుంది.

నేను ముందే చేసి వచ్చాను. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మా ఆమెను అడిగాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది: "కంచం దగ్గర ఇప్పుడు పర్వాలేదు. ఎప్పుడైనా చెయ్యి పోతుంది గానీ మళ్ళీ మీరే లాక్కుంటారు. మీ తమ్ముడి మాట వస్తే మాత్రం ఎనభై ఆరుకు ముందున్న మనిషే." ఇట్లా వేలు చూపించి మరీ చెప్పింది. ఈసారి నేను అరవలేదు. అరవాలనిపించింది.

రేపు పొద్దున ఏడు గంటల బస్సుకు ఊరికి పోతున్నాను. వాడికి ఫోను చేయలేదు. చేస్తే రావద్దంటాడేమోనని కాదు. వద్దంటే లోపల నాకు సంతోషమవుతుందేమోనని భయం.

కొంగు సర్దుకుంటోంది. తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాం.